కాపలా కాసిన ఆడవాళ్ళు
జోలా నవల ‘లసొమ్వార్’ మీద మా గోష్ఠిలో వచ్చిన తగాదా

మా పఠన గోష్ఠి నెల్లూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో ఆరేళ్ళుగా నడుస్తున్నది. సభ్యులం తొమ్మిదిమందిమి. ఆదివారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంటి వసారాలో కూర్చుంటాం. ఇన్నేళ్ళలో అభిప్రాయభేదాలు రాకపోలేదు గాని, ఒక పుస్తకం మీద కోపం వచ్చి మనిషి లేచి వెళ్ళిపోవడం మాత్రం ఎన్నడూ జరగలేదు. ఫ్రెంచి రచయిత ఎమిల్ జోలా నవల ‘లసొమ్వార్’ చదివినప్పుడు అది జరిగింది. ఆ పుస్తకాన్ని ప్రతిపాదించింది నేనే. కాబట్టి ఆ తగాదా ఎందుకు వచ్చిందో, అందులో ఎవరి మాట ఎంతవరకు నిజమో విడమరచి చెప్పవలసిన బాధ్యత నా మీద ఉన్నది. నా పొరపాటు కూడా ఇందులో కొంత ఉన్నది గనక ఆ సంగతీ చెబుతాను.

మాలో నలుగురం నవలను ఇంగ్లీషు అనువాదంలో చదివాం. తక్కినవారికి నేను అధ్యాయం వెంట అధ్యాయం తెలుగులో చెప్పాను. మొత్తం పదమూడు అధ్యాయాలు. నాలుగు ఆదివారాలు పట్టింది.

కథ క్లుప్తంగా ఇది. జెర్వేజ్ అనే కుంటి కాలి యువతి ప్రియుడు లాంత్యేతోనూ ఇద్దరు పిల్లలతోనూ పల్లె ప్రాంతం నుంచి పారిస్ వస్తుంది. అతను ఆమెను వదిలేసి పోతాడు. ఆమె బట్టలుతికి పిల్లల్ని సాకుతుంది. ఇంటి కప్పులకు జింకు రేకులు వేసే కుపో ఆమెను పెళ్ళాడతాడు. ఆమె కోరికలు చాలా చిన్నవి: చేతినిండా పని, రోజూ రొట్టె, పడుకోవడానికి శుభ్రమైన చోటు, దెబ్బలు తినకుండా బతకడం, చివరికి తన మంచం మీద తాను చనిపోవడం. కొంతకాలం అన్నీ అమరుతాయి. గూజే అనే కమ్మరి ఇచ్చిన 500 ఫ్రాంకుల అప్పుతో సొంత లాండ్రీ కూడా పెడుతుంది. తర్వాత ఒక్కొక్కటే జారిపోతాయి. కుపో తాగుడుకు బానిసై సెంతాన్ పిచ్చాసుపత్రిలో రోజుల తరబడి వణుకుతూ, ఎగురుతూ చనిపోతాడు. జెర్వేజ్ తానూ తాగుబోతై, మెట్ల కింది గూట్లో దిక్కులేకుండా చనిపోతుంది. కంపు కొట్టేదాకా ఆమె పోయిన సంగతి ఎవరికీ తెలియదు. ‘లసొమ్వార్’ అన్నది ఆమె పేటలోని సారా కొట్టు పేరు. ఆ మాటలో తల మీద మోది పడగొట్టడమనే అర్థముంది.

నాలుగు అభిప్రాయాలు

నాలుగో ఆదివారం కథ ముగిసింది. మొదట మాట్లాడింది స్పిన్నింగు మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన పెద్దాయన. “ఇది మనల్ని తిట్టడానికి రాసిన పుస్తకం” అన్నాడు. “కూలివాడు తాగుతాడు, పెళ్ళాన్ని తంతాడు, కూతుర్ని చెడగొడతాడు. యజమాని మా గురించి సరిగ్గా ఇదే అనేవాడు. కూలి పెంచమంటే, పెంచితే ఎక్కడికి పోతుందో మాకు తెలియదా అనేవాడు. ఆయన మాటనే ఈయన నవల చేశాడు.” నేను జోలా పక్షాన వాదించబోయాను. ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

హైస్కూలు ఉపాధ్యాయుడొకాయనకు నవల ఎంతో నచ్చింది. తాగేవాడి ప్రతి ఇంట్లోనూ దీన్ని చదివి వినిపించాలని ఆయన అభిప్రాయం. కుపో చావు వింటే ఎంతటివాడైనా మానేస్తాడన్నాడు.

ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే నర్సు ఆ మాటకు ఒప్పుకోలేదు. భయపెడితే మానేవాళ్ళయితే తమ వార్డు ఎప్పుడో ఖాళీ అయ్యేదన్నది. అయితే కుపో చేతుల వణుకు, గోడల మీద ఎలుకలూ సాలెపురుగులూ కనబడటం, చర్మం కింద కండ అలలు అలలుగా కదలడం చూడనివాడు రాయలేడని చెప్పింది. ఆమె ఊహ సరైనదే. సెంతాన్‌లో పనిచేసిన డాక్టరు మాన్యాన్ 1874లో తాగుడు వ్యాధి మీద వెలువరించిన గ్రంథాన్ని జోలా శ్రద్ధగా చదివి వాడుకున్నాడు.

డిగ్రీ చదివే అమ్మాయి సగంలోనే పుస్తకం మూసేసింది. లాలీ అనే ఎనిమిదేళ్ళ పాప తల్లిని తండ్రి తాగి తన్ని చంపుతాడు. తర్వాత ఆ పాపే తల్లిలా తమ్ముణ్ణీ చెల్లెల్నీ సాకుతూ, ఆ తండ్రి చేతి కొరడా దెబ్బలకే చనిపోతుంది. “ఇంత చీకటి నాకెందుకు సార్? చదివి నేనేం చెయ్యాలి?” అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆ సాయంత్రం నా దగ్గర సరైన జవాబు లేదు.

పారిస్‌లోనూ ఇవే మాటలు

తర్వాత ఈ నవల చరిత్ర చూస్తే తెలిసిందేమిటంటే, మా వసారాలో వినబడిన మాటలన్నీ దాదాపు అదే వరసలో 1876 నుంచి 1879 దాకా ఫ్రాన్సులో వినబడినవే. నవల 1876 ఏప్రిల్‌లో ‘ల బియాఁ ప్యూబ్లిక్’ అనే రిపబ్లికన్ దినపత్రికలో ధారావాహికగా మొదలైంది. పాఠకుల నిరసన వల్ల జూన్‌లో ఆపేశారు. తక్కిన భాగం ఒక సాహిత్య పత్రికలో వచ్చింది. 1877లో పుస్తకమైంది. ‘ఫిగారో’ వంటి సంప్రదాయ పత్రికలు దీన్ని బూతు అన్నాయి. వామపక్ష రిపబ్లికన్లు శ్రామికులను అవమానించాడన్నారు. 1879లో నాటకంగా ఆడినప్పుడు జనం విరగబడి చూశారు. అదే ఏడు లండన్‌లో ‘డ్రింక్’ పేరుతో ఆడితే అది మద్యపాన వ్యతిరేక ప్రబోధంగా పేరు తెచ్చుకున్నది. దూషణ, బూతు, నీతిపాఠం అన్న మూడు ముద్రలూ ఒకే పుస్తకానికి మూడేళ్ళలో పడ్డాయి.

వీటిలో వామపక్షం కోపాన్ని తేలిగ్గా తోసెయ్యడానికి వీల్లేదు. దానికి చరిత్రలో కారణముంది. 1871లో పారిస్ కమ్యూన్ నెత్తుట్లో మునిగింది. వేలాది శ్రామికులను కాల్చి చంపారు. చంపిన తర్వాత పాలకవర్గాలకు ఒక సంజాయిషీ కావలసివచ్చింది. ఆ తిరుగుబాటు రాజకీయం కాదు, సారా మత్తు అన్నారు. 1872లో ఫ్రెంచి మద్యపాన నిరోధక సంఘం ఏర్పడింది. 1873 జనవరిలో బహిరంగంగా తాగి తిరగడాన్ని శిక్షించే చట్టం వచ్చింది. కార్మికుడు అన్న మాటకూ తాగుబోతు అన్న మాటకూ తేడా లేకుండా చేసే ప్రచారం జరుగుతున్న రోజుల్లో, అయిదేళ్ళు తిరక్కుండా ఈ నవల వచ్చింది. మా మిల్లు పెద్దాయన ఆ చరిత్ర చదవలేదు. కాని అదే మాట తన యజమాని నోట విన్నాడు. కాబట్టి ఆయన కోపాన్ని సాహిత్యం తెలియనివాడి కోపం అనుకోవడం తప్పు. ఆ సాయంత్రం నేను అలాగే అనుకున్నాను. అది నా మొదటి పొరపాటు.

నవల ఏం చూపిస్తున్నది?

అయితే యజమాని మాటా జోలా మాటా ఒకటేనా? కాదు. కార్మికుడు తాగుతాడు, అందుకే పేదవాడయ్యాడు అంటాడు యజమాని. నవలలో జరిగిన క్రమం వేరు.

కుపో మొదట్లో సారా ముట్టడు. అతని తండ్రి తాగి కప్పు మీద నుంచి పడి చనిపోయాడు, అందుకని భయం. నవల రెండో అధ్యాయంలో అతనూ జెర్వేజూ ఆ సారా కొట్టులోనే కూర్చుంటారు. బ్రాందీలో ఊరిన రేగుపండు లాంటి పండును ఆమె తింటుంది, రసం గ్లాసులోనే వదిలేస్తుంది. అంత జాగ్రత్త మనుషులు. ఒకరోజు కప్పు మీద పనిలో ఉండగా కింద నుంచి కూతురు పిలుస్తుంది. అటు తిరిగి చూడబోయి జారి పడతాడు. చుక్క తాగకుండా పడతాడు. జెర్వేజ్ అతన్ని ఆసుపత్రికి పంపకుండా ఇంట్లోనే పెట్టుకుని, కొట్టు కోసం కూడబెట్టిన డబ్బంతా వైద్యానికి ఖర్చు చేస్తుంది. పనిలో దెబ్బ తిన్న కార్మికుడికి యజమాని పరిహారం చెల్లించాలనే చట్టం ఫ్రాన్సులో 1898లో గాని రాలేదు. నెలల తరబడి మంచం మీద పడివున్న కుపోకు పని మీద కసి పుడుతుంది. తండ్రి తాగి పడ్డాడు, సరే. తాగని నేనెందుకు పడ్డానన్నది అతని ప్రశ్న. ఆ ప్రశ్నకు నవలలో ఎవ్వరూ జవాబు చెప్పరు. కాళ్ళు బాగుపడేనాటికి పని అలవాటు పోయి, కొట్టు అలవాటవుతుంది.

గూజే పనిచేసే బోల్టుల కర్మాగారం మరో ఉదాహరణ. యంత్రాలు వచ్చి పనివాళ్ళ రోజుకూలి 12 ఫ్రాంకుల నుంచి 9 ఫ్రాంకులకు పడిపోతుంది. గూజే ఆ యంత్రాన్ని చూస్తూ నిలబడే ఘట్టంలో జోలా ఒక్క ఉపన్యాసం ఇవ్వడు. సారా కొట్టులో బట్టీ, కర్మాగారంలో యంత్రం, రెండూ ఆగకుండా పనిచేస్తూనే ఉంటాయి. మొదటి అధ్యాయంలో జెర్వేజ్ కిటికీ దగ్గర నిలబడితే ఒక పక్క పశువధ శాల, మరొక పక్క అప్పుడే కడుతున్న ఆసుపత్రి కనబడతాయి. ఆమె జీవితమంతా ఆ రెంటి మధ్యనే గడిచిపోతుంది. తాగుడు ఇక్కడ కారణంగా మొదలుకాలేదు. ఫలితంగా వచ్చి, తర్వాత తానే కారణమై కూర్చున్నది. 1845లోనే ఎంగెల్స్ ఇంగ్లండు కార్మికవర్గ పరిస్థితి మీద రాసిన గ్రంథంలో, తాగుడును వ్యక్తి దుర్గుణంగా చూడటం మాని, కొన్ని పరిస్థితుల అనివార్య ఫలితంగా చూడాలన్నాడు. జోలా నవలకు రాసుకున్న ముందుమాట కూడా ఈ ధోరణిలోనే ఉంటుంది: తన పాత్రలు చెడ్డవాళ్ళు కారు, అజ్ఞానమూ గొడ్డుచాకిరీ పేదరికమూ వాళ్ళను పాడుచేశాయి అంటాడు.

ఇదంతా నేను మూడో వారం నుంచీ చెబుతూనే ఉన్నాను. చెప్పింది తప్పు కాదు. కాని నవలలో లోపాలున్నాయని ఒప్పుకోవడానికి నేను సిద్ధంగా లేను. అది నా రెండో పొరపాటు.

లోపాలు ప్రధానంగా రెండు. మొదటిది వంశపారంపర్య సిద్ధాంతం. జోలా ఇరవై నవలల వరసలో ఇది ఏడవది. ఆ వరసకంతా పునాది, ఒక కుటుంబం నెత్తుటిలోని దోషం తరాల వెంట దిగుతుందన్న నమ్మకం. జెర్వేజ్ తాగుబోతుల బిడ్డ గనక తాగుబోతవుతుందన్న సూచన నవల పొడుగునా ఉంటుంది. కాని జోలా సృష్టించిన పాత్రే ఆ సిద్ధాంతాన్ని కొట్టేస్తున్నది. గూజే తండ్రి తాగిన మైకంలో తోటి పనివాణ్ణి చంపి, జైల్లో ఉరిపోసుకున్నాడు. నెత్తుటి లెక్క ప్రకారం మొదట పాడవవలసింది గూజే. అతనే నవలలో అందరికంటే నిలకడైన మనిషి. సిద్ధాంతకర్త జోలాకు తెలియనిది నవలాకారుడు జోలాకు తెలుసు.

రెండవ లోపం మిల్లు పెద్దాయన చెప్పింది, ఇంకొంచెం స్పష్టంగా చెప్పుకుంటే. నవల కాలం 1850 నుంచి 1869 దాకా. ఆ కాలంలోనే 1864లో ఫ్రాన్సులో సమ్మె నేరం కాకుండా పోయింది. ఆ ఏడే అంతర్జాతీయ కార్మిక సంఘం ఏర్పడింది. ఆ దశాబ్దం చివర సమ్మెలు జరిగాయి. ఇవేవీ జెర్వేజ్ పేటలో వినబడవు. రాజకీయాలు మాట్లాడే లాంత్యే పరాన్నభుక్కు. నిజాయితీపరుడైన గూజే మౌనంగా ఉంటాడు. ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు ఆమె నవల గురించి రాసిన లేఖలో, శ్రామికవర్గం అందులో తనకు తాను సహాయం చేసుకోలేని నిష్క్రియ జనంగా కనబడుతున్నదని విమర్శించాడు. ఆ లేఖలోనే జోలాల కంటే బాల్జాక్ గొప్ప వాస్తవికవాది అనీ అన్నాడు. ఈ రెండు మాటలూ మన విమర్శలో తరచు వినబడేవే. కాని లేఖ ముగింపు అంతగా వినబడదు. ఈ పుస్తకంలో నిష్క్రియమైన పార్శ్వం చూపించి, క్రియాశీలమైన పార్శ్వాన్ని మరో పుస్తకానికి అట్టిపెట్టుకోవడానికి మీకు తగిన కారణాలు ఉండివుండవచ్చునని కూడా ఎంగెల్స్ ఒప్పుకుంటాడు. జోలా విషయంలో అచ్చంగా అదే జరిగింది. జెర్వేజ్ కొడుకు ఎత్యెన్ 1885లో వచ్చిన ‘జెర్మినాల్’లో గని కార్మికుల సమ్మెకు నాయకుడవుతాడు.

ఆయా అక్క అడిగింది

ఈ వాదమంతా కూడగట్టుకుని అయిదో ఆదివారం వెళ్ళాను. మిల్లు పెద్దాయన ఇంటికి ముందే వెళ్ళి బతిమాలి తీసుకొచ్చాను. అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని మనిషి మాలో ఒకామె ఉన్నది. బడిలో ఆయాగా చేసి మానుకున్నది. అందరం అక్కా అంటాం. 1991లో ఈ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న మనిషి. ఆమె నన్నొక ప్రశ్న వేసింది.

“సారూ, కూలి ఇచ్చే దినం ఆడోళ్ళు వాకిట్లో కాపలా కాసినారని చెప్పినారే, ఎంతమంది?”

అది పన్నెండో అధ్యాయంలోని ఘట్టం. మంచు ఇంకా కురవదు గాని చలి కొరుకుతూ ఉంటుంది. జెర్వేజ్ ఆకలితో, మొగుడి కూలి కొట్టుకు పోకముందే పట్టుకోవాలని పనిచోటు తలుపు దగ్గర నిలబడుతుంది. అక్కడ మరో నలుగురైదుగురు ఆడవాళ్ళు అదే పని మీద తిరుగుతూ ఉంటారు. నేను ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి దాటేశాను.

“నలుగురో అయిదుగురో అక్కా.”

“ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదా?”

పుస్తకం తీసి చూశాను. మాట్లాడుకోలేదు. ఓరకంట చూసుకుంటూ, ఎవరి బెత్తెడు చోటులో వాళ్ళు అటూ ఇటూ తిరిగారు.

“అదే మరి” అన్నది. “మేము నూరుమందిమి పోయినాం. ఆమె ఒక్కతే పోయింది.”

ఈ జిల్లాలోనివారికి ఆ మాట విప్పి చెప్పక్కరలేదు. తక్కినవారికోసం చెబుతాను. 1980ల్లో ప్రభుత్వ సారా ప్యాకెట్ల రూపంలో ఊరూరికీ చేరింది. అక్షరాస్యతా ఉద్యమం వాచకంలో ‘సీతమ్మ కథ’ అని తాగుడు మీద ఒక పాఠముండేది. రాత్రి బడుల్లో ఆడవాళ్ళు ఆ కథ చదివి, అది తమ కథేనని మాట్లాడుకున్నారు. దూబగుంట గ్రామంలో సారా కొట్టు మూయించారు. ఆ సంగతి ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే మరో పాఠమైంది. 1992లో జిల్లా అంతటా ఆడవాళ్ళు సారా వేలం పాటలను అడ్డుకున్నారు. పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. ప్రభుత్వానికి రాబడి కావలసివచ్చింది.

మిల్లు పెద్దాయన ముఖం వెలిగింది. “చూశారా, సీతమ్మ కథ ఉండగా మనకీ పుస్తకమెందుకు?” అన్నాడు. నేనూ ఆయా అక్క ఆయన పక్షమే అనుకున్నాను.

“కాదులే అన్నా” అన్నది ఆమె. “నూరుమందిమి పోయింది నాలుగు దినాలు. అంతకు ముందు పదేండ్లు నేనూ ఒక్కదాన్నే పోయినా. వానలో నిలబడినా. పక్కన మా వీధి ఆమే నిలబడి ఉండేది. సిగ్గుకు మొగం తిప్పుకునేదాన్ని. నూరుమందిమి పోయింది వాచకంలో రాసినారు, పేపర్లో రాసినారు. ఆ పదేండ్లు ఎవరు రాసినారు? మళ్ళీ కొట్లు వచ్చినాక, మళ్ళీ ఒక్కదాన్నే పోయింది ఎవరు రాసినారు? ఈయనెవరో రాసినాడు. ఆ సిగ్గు ఈయనకు తెలుసు.”

ఎవ్వరం మాట్లాడలేదు. కాసేపటికి పెద్దాయనే, తమ మిల్లులో జీతాల రోజు గేటు దగ్గర ఆడవాళ్ళు నిలబడేవారని, యూనియన్ వాళ్ళం పక్కనుంచే నినాదాలిస్తూ వెళ్ళేవాళ్ళమని, వాళ్ళను ఎప్పుడూ పలకరించలేదని చెప్పాడు.

మనం దాచేది

నా సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. మా అన్న బియ్యం మిల్లులో హమాలీ. తాగి తాగి కాలేయం పాడై నలభై నాలుగో ఏట పోయాడు. గుండెపోటని బంధువులకు చెప్పాం. నేను పాతికేళ్ళుగా కథలు రాస్తున్నాను. వాటిలో హమాలీలు చాలామంది ఉన్నారు. ఒక్కడూ తాగడు. ఒకవేళ తాగితే మొదటి పేజీలో తాగి, సంఘం నాయకుడి మాట విని మూడో పేజీలో మానేస్తాడు. శత్రువు చేతికి ఆయుధం ఇవ్వకూడదనే ఉద్దేశంతోనే అలా రాశాను. కాని జరిగిందేమిటి? మా అన్న లాంటివాడి గురించి యజమాని చెప్పే మాట ఒక్కటే లోకంలో మిగిలింది. మేము చెప్పవలసిన మాట మేము చెప్పలేదు. మా వదిన ఏ వాకిట్లో ఎన్నిసార్లు నిలబడిందో నేను అడగనైనా అడగలేదు.

అందువల్ల, తాగుడు వంటి వస్తువు మీద వచ్చిన చీకటి నవలను చదివేటప్పుడు, ఇందులో ఆశ ఉన్నదా లేదా అని మొదటే అడగటం సరైన పద్ధతి కాదనుకుంటున్నాను. పతనాన్ని మెట్టు మెట్టుగా, ప్రతి మెట్టుకూ కారణంతో చూపించిందా? ఆ మనిషిని ఏవగింపుగా చూపిందా, లేక ఆ స్థితిలో మనముంటే మనమూ అదే చేసేవాళ్ళమేమో అనిపించిందా? ఈ రెండూ ముందు అడగాలి. ‘లసొమ్వార్’ ఈ రెంటికీ నిలబడుతుంది. ప్రతిఘటన ఎక్కడ అన్న ప్రశ్నకు నిలబడదు. ఆ సంగతి కప్పిపుచ్చకుండా చెప్పాలి. కాని నవలలో లేనిదాన్ని పాఠకులు తమ అనుభవం నుంచి తెచ్చి పక్కన పెట్టగలరు. ఆయా అక్క పెట్టింది. జోలా ఆ అయిదుగురు ఆడవాళ్ళను చలిలో నిలబెట్టకపోతే ఆమె ఆ ప్రశ్న అడిగివుండేది కాదు.

గోష్ఠి ఏకాభిప్రాయానికి రాలేదు. ఉపాధ్యాయుడు ఇప్పటికీ అది నీతిపాఠమే అంటున్నాడు. నర్సు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. మిల్లు పెద్దాయన సగం కోపం అట్టిపెట్టుకున్నాడు, ‘జెర్మినాల్’ మొదలుపెడితే వస్తానన్నాడు. డిగ్రీ అమ్మాయి తాను ఆపిన చోటి నుంచి మళ్ళీ చదువుతున్నది. శనివారాలు ఆయా అక్క ఇంటికి వెళ్ళి, ఆ పదేళ్ళ సంగతులు ఆమె చెబుతుంటే రాసుకుంటున్నది. ఇప్పటికి రెండు నోటుపుస్తకాలు నిండాయి.